మనకు నచ్చని నోరు

కొన్నాళ్ళ క్రితం ఒక జుమా రోజు నమాజు ముగించుకుని మస్జిదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే, డిగ్రీ చదివే కుర్రాడొకడు దగ్గరికొచ్చి సలాం చేశాడు. చేతిలో మడిచిన కాగితం ఉంది. ఎవడో దైవప్రవక్త (స) గురించి ఫేస్‌బుక్‌లో నీచంగా రాశాడట. పోలీస్ స్టేషన్‌లో ఇవ్వటానికి ఫిర్యాదు రాసుకొచ్చాడు. "చాచా, మీరు కాస్త దిద్దిపెట్టండి" అన్నాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని చదువుతుంటే అతనే మళ్ళీ అడిగాడు. "పోయిన నెల ప్రసంగంలో మీరు రాజ్యాంగం మనకు మాట్లాడే హక్కు ఇచ్చింది, మన ధర్మాన్ని మనం నమ్మే హక్కు ఇచ్చింది అన్నారు. మరి వాడికి కూడా అదే హక్కు ఉందా? ఉంటే అలాంటి హక్కు మనకెందుకు?"

నా దగ్గర వెంటనే చెప్పగలిగిన సమాధానం లేదు. "సాయంత్రం ఇంటికి రా బేటా" అని పంపించాను. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న ఆ కుర్రాడొక్కడిది కాదు. మన నోరు ఎవరైనా మూయిస్తే మనకు రాజ్యాంగం గుర్తొస్తుంది. మనల్ని ఎవరైనా మాట అంటే పోలీస్ స్టేషన్ గుర్తొస్తుంది. ఈ రెంటికీ పొంతన కుదురుతుందా లేదా అని మనం ఎప్పుడైనా ఆగి ఆలోచించామా?

ముందు రాజ్యాంగంలో ఏముందో చూద్దాం. 19వ అధికరణ మొదటి నిబంధన పౌరులందరికీ వాక్ స్వాతంత్ర్యాన్ని, భావప్రకటనా స్వేచ్ఛను ఇస్తుంది. రెండో నిబంధన దానికి హద్దులు గీస్తుంది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, దేశ భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతి భద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పటం. ఈ కారణాల మీద మాత్రమే ప్రభుత్వం ఆంక్షలు పెట్టవచ్చు. అదైనా చట్టం ద్వారా పెట్టాలి. పై అధికారి నోటి మాటతోనో, శాఖాపరమైన సర్క్యులర్‌తోనో పెట్టకూడదు. ఆ ఆంక్ష సహేతుకంగా ఉండాలి. 'సహేతుకమైన' అనే ఈ మాట మొదట్లో ఈ నిబంధనలో లేదు. మద్రాసు ప్రభుత్వం 'క్రాస్ రోడ్స్' అనే పత్రికను తన రాష్ట్రంలోకి రానివ్వకుండా నిషేధించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఆ రాష్ట్రంలోనివే. 1950లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మరుసటి ఏడాదే రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించి శాంతి భద్రతలు మొదలైన కొత్త కారణాలు చేర్చారు. వాటి వెంటే ఈ మాట కూడా వచ్చింది. ప్రభుత్వం చేతికి ఎక్కువ అధికారం ఇచ్చిన సవరణే, ఆ అధికారాన్ని కోర్టులో నిలదీయటానికి ఒక మాట కూడా ఇచ్చిందన్నమాట.

ఆ పట్టికలో మనోభావాలు గాయపడటం అనే కారణం విడిగా లేదు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

ఆ సాయంత్రం కుర్రాడు వచ్చాక నేను అతనికి మొదట చెప్పింది మన ఊరి సంగతి కాదు, మన ధర్మం వాళ్ళ సంగతీ కాదు. కేరళలోని కిడంగూర్ అనే ఊరి సంగతి. అక్కడ ఒక హైస్కూల్లో ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు పదో తరగతి, తొమ్మిదో తరగతి, ఐదో తరగతి చదువుతుండేవారు. వాళ్ళు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందినవారు. ఉదయం ప్రార్థనా సమయంలో 'జనగణమన' పాడుతున్నప్పుడు ఆ పిల్లలు అందరితోపాటు లేచి, కదలకుండా, గౌరవంగా నిలబడేవారు. కాని పాడేవారు కాదు. గీతంలోని మాటల మీద, భావం మీద వాళ్ళకు అభ్యంతరం లేదు. పాడటమే తమ విశ్వాసానికి విరుద్ధమని వాళ్ళ నమ్మకం. వాళ్ళకన్నా ముందు వాళ్ళ అక్కలు అదే స్కూల్లో అలాగే నిలబడి చదువుకుని వెళ్ళారు. ఎవరూ పట్టించుకోలేదు.

1985 జూలైలో ఒక శాసనసభ్యుడు ఆ స్కూలుకు వచ్చాడు. పిల్లలు పాడకపోవటం చూశాడు. ఇది దేశభక్తి లేకపోవటమేనని శాసనసభలో ప్రశ్న వేశాడు. విచారణకు ఒక కమిషన్ వేశారు. ఆ పిల్లలు బుద్ధిమంతులని, జాతీయ గీతాన్ని ఏ విధంగానూ అగౌరవపరచలేదని కమిషనే చెప్పింది. అయినా పై అధికారి ఆదేశంతో ప్రధానోపాధ్యాయురాలు జూలై 26న ముగ్గురినీ స్కూలు నుంచి పంపేసింది. తండ్రి వెళ్ళి, ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చేదాకా పిల్లల్ని కూర్చోనివ్వమని అడిగితే ఆమె తన నిస్సహాయత చెప్పుకుంది. ఆయన హైకోర్టుకు వెళ్ళాడు. ఒక న్యాయమూర్తి కాదన్నారు, తర్వాత ఇద్దరు న్యాయమూర్తుల బెంచి కూడా కాదంది. గీతంలోని ప్రతి మాటనూ పరిశీలించి, ఇందులో ఎవరి మతానికీ అభ్యంతరకరమైనది ఏమీ లేదు కదా అన్నారు.

మనకూ అలాగే అనిపిస్తుంది. మన పిల్లలు జనగణమన పాడుతూనే పెరిగారు. టాగోర్ ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించుకున్నది మన మదనపల్లెలోనే, 1919లో. దానిలో అభ్యంతరపెట్టటానికి ఏముందని మనమూ అడుగుతాం. సుప్రీంకోర్టు మాత్రం అసలు ప్రశ్న అది కాదు పొమ్మంది.

ఆ తీర్పు 1986 ఆగస్టు 11న వచ్చింది. న్యాయశాస్త్ర పుస్తకాల్లో దాని పేరు బిజో ఇమ్మాన్యుయేల్ వర్సెస్ కేరళ రాష్ట్రం. రాసినవారు మన తెలుగువారు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి 1978లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన మనిషి. 2013లో కన్నుమూశారు. ఆయనతోపాటు ఆ బెంచిలో జస్టిస్ ఎం.ఎం. దత్ ఉన్నారు. తీర్పు సారం ఇది. జాతీయ గీతం పాడి తీరాలని చెప్పే చట్టమే మన దేశంలో లేదు. 1971 నాటి చట్టం శిక్షించేది, ఇతరులను పాడనివ్వకుండా అడ్డుపడేవాణ్ణి, పాడుతుంటే అల్లరి చేసేవాణ్ణి. ఈ పిల్లలు ఆ రెండూ చేయలేదు. విద్యాశాఖ సర్క్యులర్ అనేది చట్టం కాదు గనుక దాని పేరుతో 19వ అధికరణ ఇచ్చిన హక్కును తీసివేయలేరు. మాట్లాడే హక్కులోనే మౌనంగా ఉండే హక్కు కూడా ఉంది. ఇక 25వ అధికరణ విషయంలో, ఆ నమ్మకం మనకు సబబుగా తోస్తుందా లేదా అన్నది లెక్కలోకి రాదు. అతను దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడా లేదా అన్నదే చూడాలి. పిల్లలను తిరిగి చేర్చుకుని, చదువు ఆటంకం లేకుండా సాగేలా తగిన సౌకర్యాలు కల్పించమని కోర్టు ఆదేశించింది.

అమెరికాలో కూడా ఇదే శాఖ పిల్లలు జెండాకు వందనం చేయనందుకు స్కూళ్ళ నుంచి గెంటివేయబడ్డారు. 1940లో అక్కడి సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా ఆ పిల్లలదే తప్పన్నది. ఆ తీర్పు తర్వాత ఎన్నో ఊళ్ళలో వాళ్ళ మీద మూక దాడులు జరిగాయి. మూడేళ్ళకే, 1943లో, రెండో ప్రపంచయుద్ధం నడుమ, దేశభక్తి పతాకస్థాయిలో ఉన్న రోజుల్లో, అదే కోర్టు తన మాట తానే తప్పని ఒప్పుకుంది. మన తీర్పులో చిన్నప్పరెడ్డిగారు ఆ తీర్పును కూడా ప్రస్తావించారు.

యెహోవా సాక్షులు మన వీధుల్లోకి కూడా వస్తుంటారు. చేతిలో పుస్తకాలతో తలుపు తడతారు. వాళ్ళ నమ్మకం మన నమ్మకం కాదు. మనం వాళ్ళతో వాదిస్తాం, ఒక్కోసారి తలుపు వేసేస్తాం. కాని రేపు మన పిల్లవాణ్ణి ఎక్కడైనా తౌహీద్‌కు విరుద్ధమని అతను నమ్మే గీతమో నినాదమో పలికి తీరాలని నిలబెడితే, మన వకీలు చేతిలోకి తీసుకునే తీర్పు ఇదే. మన కోసం మనం గెలుచుకున్నది కాదు. మనం తలుపు వేసేసిన వాళ్ళు మన కోసం గెలిచి పెట్టినది.

బలవంతాన పలికించిన మాటకు విలువ లేదన్న సంగతి మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. మక్కా ముష్రిక్కులు హజ్రత్ అమ్మార్ బిన్ యాసిర్ (రజి)ను హింసించి ఆయన నోట తమకు కావలసిన మాట అనిపించారు. ఆయన ఏడుస్తూ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. హృదయం విశ్వాసంతో స్థిరంగా ఉండగా బలవంతాన నోటివెంట వచ్చిన మాటకు పట్టింపు లేదన్న ఊరట సూరె నహ్ల్ 106వ ఆయతులో ఉంది. సూరె బఖరా 256వ ఆయతులోని బోధన సంగతి చెప్పనే అక్కర్లేదు, మన పిల్లలకూ నోటికి వచ్చు.

అమ్మార్ (రజి)ను హింసించినవారు అవిశ్వాసులు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) సంగతి అలా కాదు. హిజ్రీ 218లో, అంటే క్రీ.శ. 833లో, ఖలీఫా మామూన్ ఒక ఫర్మానా పంపించాడు. ఖుర్ఆన్ సృష్టించబడినదేనని ఖాజీలు, హదీసు పండితులు అందరూ ఒప్పుకుని చెప్పాలట. మామూన్ అనాగరికుడు కాదు. విద్యను, తర్కాన్ని ప్రోత్సహించినవాడు, బాగ్దాద్‌లో అనువాదాలకు డబ్బు కుమ్మరించినవాడు. అయినా తన తర్కాన్ని పండితుల నోట పలికించటానికి రాజ్యాధికారాన్ని వాడాడు. చాలామంది ఒప్పుకున్నారు. ఇమామ్ అహ్మద్ ఒప్పుకోలేదు. సంకెళ్ళు వేశారు, రెండేళ్ళకు పైగా జైల్లో పెట్టారు. తర్వాతి ఖలీఫా ముతసిమ్ కాలంలో కొరడాలతో కొట్టించారు. ఆయన చేసిన నేరమల్లా ఏమిటి? దర్బారు కోరిన ఒక్క వాక్యం పలకకపోవటం. కొట్టించింది ముస్లిం ఖలీఫా, కొట్టించుకుంది ముస్లిం ఇమాము. అధికారం చేతిలో ఉన్నవాడు తన నమ్మకం ఎంత సరైనదని అనుకున్నా, దాన్ని ఎదుటివాడి నోట పలికించబోతే జరిగేది ఇదే.

ఇంతవరకూ విని కుర్రాడు, "ఇది నోరు తెరిపించటం గురించి చాచా. నేనడిగింది నోరు మూయించటం గురించి" అన్నాడు. తెలివైన కుర్రాడే.

అందుకు నేను సుహైల్ బిన్ అమ్ర్ సంగతి చెప్పాను. ఖురైష్ నాయకుల్లో ఈయన గొప్ప వక్త. దైవప్రవక్త (స)కు, ఇస్లాంకు వ్యతిరేకంగా జనాన్ని రెచ్చగొట్టటంలో ఆయన నాలుకకు ఎదురులేదు. బద్ర్ యుద్ధంలో ముస్లింలకు చిక్కాడు. అప్పుడు హజ్రత్ ఉమర్ (రజి), ఇతని ముందు పళ్ళు పీకివేయటానికి అనుమతిస్తే ఇక ఎన్నడూ మీకు వ్యతిరేకంగా ఉపన్యాసం చేయలేడు అన్నారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. మనిషి ఖైదీగా చేతికి చిక్కాడు, యుద్ధం గెలిచిన వేడి ఇంకా చల్లారలేదు, అడుగుతున్నది ఉమర్ (రజి). దైవప్రవక్త (స) ఒప్పుకోలేదు. మనిషి అవయవాలను ఖండించే పని తాను చేయనన్నారు. బహుశా ఇతను ఒకనాడు మీరు మెచ్చుకునే పని కోసం లేచి నిలబడవచ్చునని కూడా అన్నారట.

నాలుగేళ్ళ తర్వాత హుదైబియాలో సంధి రాయటానికి ఖురైష్ తరఫున వచ్చింది ఆ సుహైలే. పత్రంలో అల్లాహ్ ప్రవక్త అయిన ముహమ్మద్ అని రాస్తుంటే అడ్డుపడ్డాడు. మిమ్మల్ని ప్రవక్త అని మేము నమ్మితే అసలు మిమ్మల్ని కాబా దగ్గరికి రాకుండా ఎందుకు ఆపుతామన్నాడు. రాస్తున్న హజ్రత్ అలీ (రజి)కి ఆ మాట చెరపటానికి చెయ్యి ఆడలేదు. దైవప్రవక్త (స) ఆ మాట చెరిపించి తండ్రి పేరుతో రాయించారు. నమ్మనివాడి చేత నమ్ముతున్నట్టు సంతకం పెట్టించుకోలేదు. మనకు ప్రాణం కన్నా ప్రియమైన ఆ మాటను, ఎదుటివాడు ఒప్పుకోనందుకు, ఒప్పందపత్రంలోంచి తీసివేయటానికి ఆయన సిద్ధపడ్డారు.

మక్కా విజయం తర్వాత సుహైల్ ముస్లిం అయ్యాడు. దైవప్రవక్త (స) పరమపదించిన వార్త మక్కా చేరినప్పుడు జనం తడబడ్డారు, కొందరు ధర్మం వదిలేసే ఆలోచనలో పడ్డారు. అప్పుడు లేచి నిలబడి, తన వాక్చాతుర్యమంతా ఉపయోగించి వాళ్ళను నిలబెట్టింది ఈ సుహైలే. బద్ర్ రోజున ఆ పళ్ళు పీకివేసి ఉంటే?

కుర్రాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ నేను ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఇస్లాం నాలుకకు పగ్గం లేకుండా వదిలేసిందని నేను చెప్పటం లేదు. పరోక్షనింద, అపనింద, అబద్ధం, ఎగతాళి, ఇతరులు కొలిచేవాటిని దూషించటం, ఇవన్నీ మనకు నిషిద్ధం. అల్లాహ్ ముందు ప్రతి మాటకూ జవాబు చెప్పుకోవాలి. కాని అది నా నాలుక మీద నాకున్న బాధ్యత. దాన్ని ఎదుటివాడి నాలుక మీద నాకున్న అధికారంగా మార్చుకోవటంలోనే చిక్కు ఉంది. మన దేశంలో రాజ్యాంగం ఎవరి నోరు మూయించే అధికారాన్నీ మన చేతికి ఇవ్వలేదు. ఇవ్వకపోవటం మనకు మంచిదే. ఎందుకో మన చరిత్రలోనే ఉంది.

1920లలో లాహోర్‌లో దైవప్రవక్త (స) వ్యక్తిగత జీవితాన్ని కించపరుస్తూ ఒక చిన్న పుస్తకం వచ్చింది. ప్రచురణకర్తపై కేసు పెట్టారు. అప్పటి శిక్షాస్మృతిలో అటువంటి రాతకు సరిపోయే సెక్షన్ లేదని 1927లో లాహోర్ హైకోర్టు అతన్ని వదిలేసింది. దేశమంతా ముస్లింలు ఆందోళన చేశారు. అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం 295ఏ సెక్షన్ తెచ్చింది. ఉద్దేశపూర్వకంగా, దుర్బుద్ధితో ఒక వర్గం మత మనోభావాలను గాయపరచటం నేరమైంది. ఆ బిల్లు మీద చర్చ జరిగినప్పుడు ముహమ్మద్ అలీ జిన్నా, చరిత్ర రాసేవారికి, నిజాయితీగా మతాన్ని విమర్శించేవారికి రక్షణ ఉండాలని హెచ్చరించారు. ముస్లింల బాధ నుంచి పుట్టిన చట్టం గురించి ఒక ముస్లిం నాయకుడే ఆ జాగ్రత్త చెప్పాడు. చట్టం వచ్చినా వేడి చల్లారలేదు. 1929లో ఒక ముస్లిం యువకుడు ఆ ప్రచురణకర్తను పొడిచి చంపాడు, ఉరికంబం ఎక్కాడు. ఆ యువకుణ్ణి ఇప్పటికీ పొగిడేవారున్నారు. నేను పొగడలేను. నేరానికి శిక్ష వేసే అధికారం దారినపోయే వ్యక్తి చేతిలో లేదు. ఆ హత్యతో ఆ పుస్తకం చావనూ లేదు. నాలుగు రోజుల్లో జనం మరిచిపోవలసిన రాత నూరేళ్ళ తర్వాత కూడా చర్చకు వస్తూనే ఉంది.

1957లో సుప్రీంకోర్టు 295ఏ చెల్లుతుందని చెప్పింది. మనోభావాల పేరుతో కాదు, శాంతి భద్రతల పేరుతో. పొరపాటునో, అజాగ్రత్తతోనో అన్న మాట ఆ సెక్షన్ కిందికి రాదని, బుద్ధిపూర్వకంగా దుర్బుద్ధితో చేసినదే వస్తుందని కూడా చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 299వ సెక్షన్‌గా ఉంది. మూడేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. మనం అడిగి తెప్పించుకున్న ఆ సెక్షన్ మన ఒక్కరి దగ్గరే ఉండిపోలేదు. అందరూ అందరి మీదా దాన్ని వాడారు. ముంబైలో ఒక శిలువ నుంచి నీళ్ళు కారటం మహత్యం కాదు, మురుగునీటి ఉరపు అని చెప్పిన హేతువాది మీద 2012లో క్రైస్తవ సంఘాలవారు ఈ సెక్షన్ కిందే కేసు పెట్టించారు.

చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ సంగతి చూడండి. హైదరాబాద్‌లో 'సినిమా ఘర్' కట్టిన మనిషి. హిందూ దేవతల బొమ్మలు వేసినందుకు ఆయన మీద దేశమంతటా కేసులు పెట్టారు. 2006లో దేశం విడిచి వెళ్ళాడు, 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నాడు, 2011లో లండన్‌లో చనిపోయాడు. అప్పుడు మనం, చూశారా, ముస్లిం అయినందుకే తరిమేశారు అన్నాం. కాని అంతకుముందు 2004లో ఆయన తీసిన 'మీనాక్షి' సినిమాలో ఒక పాటలో ఖుర్ఆన్ పదాలు వాడాడని అభ్యంతరం లేవదీసి, సినిమాను థియేటర్ల నుంచి వెనక్కి తీసుకునేలా చేసింది ఎవరు? మనవాళ్ళే. ఆయన బొమ్మలు నాకు నచ్చవు. ఆ విషయం వేరు. ఒకే మనిషిని రెండు వైపుల నుంచి తరిమినప్పుడు, ఒకవైపు మనమే నిలబడి ఉండి, రెండో వైపు వాళ్ళను మాత్రమే నిందిస్తే న్యాయమా?

ఇంకొకటి చెప్పక తప్పదు. చెప్పటానికి మనసొప్పదు, అయినా చెప్పాలి. 1948లో హైదరాబాద్‌లో షోయబుల్లా ఖాన్ అనే యువకుడు 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక నడిపేవాడు. వయసు ముప్పై ఏళ్ళు నిండలేదు. సంస్థానం భారతదేశంలో కలవాలని, రజాకార్ల దౌర్జన్యం ఆగాలని రాశాడు. ఆగస్టు 21 అర్ధరాత్రి పని ముగించుకుని ఇంటికి వెళుతుంటే దారికాచి కాల్చారు, చెయ్యి నరికారు. రాసే చెయ్యి అది. అతనూ ముస్లిమే, చంపినవారూ ముస్లింలమని చెప్పుకున్నవారే. ఆ తర్వాత సెప్టెంబరులో సైనిక చర్య జరిగింది, మరాఠ్వాడా, బీదర్ ప్రాంతాల్లో అమాయక ముస్లింల మీద ఘోరాలు జరిగాయి. అవి మరవకూడనివి. అంతమాత్రాన షోయబుల్లా ఖాన్ రక్తం లెక్కలో చెల్లు కాదు. అతని రాతలు అబద్ధమనుకున్నవారు మరో పత్రికలో జవాబు రాయవచ్చు. అప్పట్లో హైదరాబాద్‌లో ఉర్దూ పత్రికలకు కొరత లేదు.

ఇవన్నీ పాత సంగతులని కుర్రాడు అంటాడేమోనని అతని కాగితమే తీసి చూపించాను. అందులో అతను ఎక్కడో చూసి ఐటీ చట్టం 66ఏ సెక్షన్ అని రాశాడు. "ఈ సెక్షన్ ఇప్పుడు లేదు బేటా. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది" అన్నాను. ఎందుకు కొట్టేసిందో కూడా చెప్పాను. 2012లో ఒక నాయకుడి మరణం తర్వాత ముంబై బంద్ గురించి ఫేస్‌బుక్‌లో ఒకమ్మాయి రెండు మాటలు రాసింది. ఇంకో అమ్మాయి దానికి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. రాసిన అమ్మాయి ముస్లిం. ఆమె ఎవరినీ తిట్టలేదు. అయినా ఎవరికో బాధ కలిగింది, అంతే చాలింది. ఇలాంటి అరెస్టులు చూసి మరో అమ్మాయి కోర్టుకెక్కింది. ఒక విషయం చర్చించటం వేరు, గట్టిగా సమర్థించి వాదించటం వేరు, హింసకు రెచ్చగొట్టటం వేరు, మూడోదాన్నే ఆపగలమని కోర్టు గీత గీసింది. ఎవరికో చికాకు కలిగిందన్న కారణంతో మనిషిని జైల్లో వేయగలిగే సెక్షన్ బతికుంటే అందులో ముందు చిక్కేది ఎవరు? బలం, బలగం ఉన్నవాడా, వీధి చివర మెకానిక్ షాపులో పనిచేసే మన పిల్లవాడా?

అతని ప్రశ్నలో ఒక ముక్కకు మాత్రం నేను మరో రకంగా జవాబు చెప్పాను. అలాంటి హక్కు మనకెందుకు అన్నాడు కదా. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవారు చనిపోయారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయింది కూడా మన యువకులనే. చిత్రహింసల ఆరోపణలు వచ్చాయి. తర్వాత వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు, ప్రభుత్వమే పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఆ పిల్లల తరఫున మాట్లాడటానికి మన పెద్దలే చాలామంది జంకారు. పౌరహక్కుల సంఘాల వాళ్ళు వచ్చారు, వకీళ్ళు వచ్చారు. వాళ్ళలో దేవుడే లేడనేవారు కూడా ఉన్నారు. మన నమ్మకాలను వాళ్ళు తమ పత్రికల్లో విమర్శిస్తారు. ఆ విమర్శను ఆపించాలని మనం అడిగి, ఆపించగలిగి ఉంటే, ఆ మే నెలలో వాళ్ళు మన గడప తొక్కగలిగేవారా? తొక్కినా ఏ మొహం పెట్టుకుని లోపలికి రమ్మనేవాళ్ళం?

"అయితే ఫిర్యాదు ఇవ్వొద్దంటారా?" అన్నాడు చివరికి.

నేను కాగితం అతని ముందే పెట్టాను. "వాడు రాసింది నాకు చదివి వినిపించు" అన్నాను. చదివాడు. బూతులున్నాయి, వినటానికి కష్టంగానే ఉంది. ఫలానా వీధి వాళ్ళను తన్నండి, ఫలానా వాళ్ళ దుకాణాలు మూయించండి అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఉండి ఉంటే నేనే అతనితో స్టేషన్‌కు వెళ్ళేవాణ్ణి, కొత్త సంహితలో దానికి వేరే సెక్షన్లున్నాయి, దగ్గరుండి రాయించేవాణ్ణి. లేదు గనుక అడిగాను. "వాడు దైవప్రవక్త (స) వివాహాల గురించి అబద్ధం రాశాడు కదా. అది అబద్ధమని నీకెలా తెలుసు? నిజమేమిటో నాలుగు వాక్యాల్లో చెప్పు."

అతను చెప్పలేకపోయాడు. తల దించుకున్నాడు. నాకు జాలి వేసింది. ఎందుకంటే ఆ వయసులో నేనూ చెప్పలేకపోయేవాణ్ణి. లేచి అలమరలోంచి సీరత్ పుస్తకం తీసి ఇచ్చాను. కాగితం అక్కడే మరిచిపోయి పుస్తకం పట్టుకుని వెళ్ళాడు. రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చి, సగం అయిందని చెప్పి, హుదైబియా అధ్యాయంలో తనకు అర్థంకాని చోట్ల పెన్సిలుతో గీతలు పెట్టుకున్న పేజీలు నా ముందు తెరిచాడు. ఆ రాసినవాడికి జవాబు రాశావా అని అడిగితే, ఇంకా లేదన్నాడు.